మీరిద్దరూ ఒక్కసారి మాట్లాడుకోండి: విశాఖ ప్రిన్సిపాళ్ళకీ కోచ్‌లకీ ఒక తల్లి బహిరంగ లేఖ

విశాఖలో స్కూళ్ళు, జూనియర్ కాలేజీలు నడుపుతున్న ప్రిన్సిపాల్ గార్లకీ, తెల్లారకముందే విజిల్ మెడలో వేసుకుని గ్రౌండ్‌కి వచ్చే కోచ్‌లకీ, మన కలెక్టర్ గారికీ నమస్కారం.

నేను కంచరపాలెంలో ఉంటాను. మా పెద్దమ్మాయి ఇంటర్ సెకండియర్ బైపీసీ చదువుతోంది, 400 మీటర్లు పరిగెడుతుంది. ఈ రెండు ముక్కలూ పక్కపక్కన రాయడం ఎంత తేలికో, ఒకే రోజులో ఆ రెండు పనులూ చెయ్యడం ఎంత కష్టమో రెండేళ్ళుగా చూస్తున్నాను. ఎవరి మీదా కోపం లేదు అని మొదలుపెడదామనుకున్నాను గానీ అది నిజం కాదు, కోపం ఉంది. కోపం కంటే భయం ఎక్కువగా ఉంది, అందుకే రాస్తున్నాను.

ముందు మా అమ్మాయి రోజు ఎలా గడుస్తుందో చెప్తాను, ఎందుకంటే మీలో ఎవరూ దాన్ని పూర్తిగా చూసి ఉండరు. కోచ్ గారు చూసేది పొద్దున్న రెండు గంటలు. కాలేజీ చూసేది ఎనిమిది నుంచి సాయంత్రం దాకా. మిగతాది నేను చూస్తాను. నాలుగున్నరకి అలారం మోగుతుంది, అది మోగకముందే నేను లేచి పాలు కాచి ఫ్లాస్కులో పోసి, రెండు అరటిపళ్ళు, నానబెట్టిన పల్లీలు డబ్బాలో పెడతాను. వాళ్ళ నాన్న స్కూటర్ మీద ఆంధ్రా యూనివర్సిటీ (ఏయూ) గ్రౌండ్‌కి తీసుకెళ్తారు, ఐదుంపావుకల్లా వార్మప్ మొదలవ్వాలి. కొన్ని రోజులు గ్రౌండ్ బదులు బీచ్, పొద్దున్న వాకింగ్ వాళ్ళ కోసం బీచ్ రోడ్డులో బండ్లు ఆపేస్తారు కదా, ఆ టైములో ఆర్కే బీచ్ ఇసకలో పరిగెత్తిస్తారు. ఏడుంపావుకి ప్రాక్టీస్ అయిపోతుంది, ఎనిమిదికి కాలేజీలో ఉండాలి. బట్టలు మార్చుకోవడానికి గది లేదు. ఒక పిల్ల చున్నీ అడ్డం పట్టుకుంటే ఇంకో పిల్ల యూనిఫాం వేసుకుంటుంది, కుళాయి దగ్గర మొహం కడుక్కుని, నిలబడే నాలుగు ఇడ్లీలు మింగి, తడి జడతో క్లాసుకి పోతారు. సాయంత్రం స్టడీ అవర్స్, వారంలో మూడు రోజులు అవి వదిలేసి మళ్ళీ గ్రౌండ్. ఇంటికొచ్చేసరికి ఎనిమిది. అన్నం తిని రికార్డులు, బిట్ పేపర్లు, మర్నాటి స్లిప్ టెస్టు. పడుకునేసరికి పదకొండున్నర.

లెక్క వేసుకోండి, ఐదు గంటలు. పదమూడు నుంచి పద్ధెనిమిదేళ్ళ పిల్లలకి రోజుకి 8 నుంచి 10 గంటల నిద్ర కావాలని నిద్ర గురించి చదువుకున్న డాక్టర్లు చెప్తారు. అది మామూలుగా స్కూలుకెళ్ళి వచ్చే పిల్లలకి చెప్పిన లెక్క. పొద్దున్నా సాయంత్రం ఒళ్ళు హూనం చేసుకునే పిల్లకి అందులో సగం దొరుకుతోంది.

మొన్న డిసెంబర్‌లో ఒక సాయంత్రం నేను గ్రౌండ్‌కి వెళ్ళాను. వార్మప్‌కి ఇంకా పావుగంట ఉంది. అది మెట్ల మీద కూర్చుని ఒళ్ళో జువాలజీ రికార్డు పెట్టుకుని కప్ప గుండె బొమ్మ వేస్తోంది. నేను దగ్గరికి వెళ్ళేసరికి నిద్రపోతోంది. పెన్సిల్ చేతిలోనే ఉంది, బొమ్మలో ఒక గీత దారి తప్పి పేజీ చివరిదాకా పోయింది. స్పైక్స్ (పరుగు పందేల మేకుల బూట్లు) ఒకటి వేసుకుంది, ఇంకోటి పక్కనే పడుంది. లేపాలా వద్దా అని నేను నిలబడిపోయాను. లేపకపోతే కోచ్ సార్ తిడతారు, లేపితే ఆ పది నిమిషాల నిద్ర కూడా పోతుంది. చివరికి లేపాను. ఆ రోజు లేపినందుకు ఇప్పటికీ బాధగానే ఉంది.

ఇప్పుడు అసలు విషయం. పోయిన ఏడాది ఒకే వారంలో రెండు చోట్ల దానికి ఒకే మాట చెప్పారు. కాలేజీలో లెక్చరర్ గారు క్లాసు మధ్యలో నిలబెట్టి, నీట్ రాయాలో పరుగులు పెట్టాలో తేల్చుకో, ఇలా సగం సగం వచ్చి మా రిజల్ట్ పాడు చెయ్యకు అన్నారు. గ్రౌండ్‌లో కోచ్ గారు, అంత చదువు పిచ్చి ఉంటే ఇంట్లోనే కూర్చో, ఆటా చదువా తేల్చుకో అన్నారు. ఆ ఇద్దరూ చెడ్డవాళ్ళు కారు, నాకు తెలుసు. ఒకరికి పైనుంచి ర్యాంకుల ఒత్తిడి, ఇంకొకరికి మెడల్స్ రాకపోతే గ్రౌండ్‌లో పిల్లలే మిగలరన్న దిగులు. కానీ ఇద్దరూ తేల్చుకోమన్నది పదహారేళ్ళ పిల్లని. ఆ పిల్ల ఇంటికొచ్చి నాకు ఏమీ చెప్పలేదు. అన్నం తక్కువ తింది, అంతే.

తర్వాత తెలిసింది, సెలెక్షన్స్ పెట్టిన ఆదివారమే కాలేజీలో గ్రాండ్ టెస్ట్ కూడా పెట్టారట. ఆ సంగతి కాలేజీకి తెలీదు, కోచ్ గారికీ తెలీదు, మాకూ తెలీదు. దానికి మాత్రం మూడు వారాల ముందే తెలుసు. మూడు వారాలు మనసులో పెట్టుకుని తిరిగింది. ఎవరికి చెప్తే ఎవరు తిడతారో అని ఆఖరి రోజు దాకా నోరు విప్పలేదు. సెలెక్షన్స్‌కి వెళ్ళింది, గ్రాండ్ టెస్ట్‌లో గైర్హాజరు పడింది, సోమవారం పేరెంట్స్ వాట్సాప్ గ్రూపులో ర్యాంకుల పట్టిక వచ్చింది, అందరి పేర్ల కింద చివర్న దాని పేరు, ఎదురుగా సున్నా. నూట ఎనభై మంది తల్లిదండ్రులు చూసే గ్రూపు అది. అటెండెన్స్ తగ్గితే కండొనేషన్ ఫీజు కట్టుకోవాలని విడిగా ఇంకో మెసేజ్.

సరే, సెలెక్ట్ అయింది, రాష్ట్ర స్థాయి మీట్‌కి వెళ్ళింది, నాలుగో స్థానం వచ్చింది. మూడో అమ్మాయికీ దీనికీ తేడా కళ్ళు మూసి తెరిచేంత. రైలు దిగి ఇంటికొచ్చి కిట్ బ్యాగు మంచం కిందకి తోసేసింది. నాలుగు రోజులు ఆ బ్యాగు తీయలేదు. మామూలుగా అయితే వచ్చిన గంటలో సాక్సులు నానబెట్టి, స్పైక్స్ మట్టి దులిపి, పాత బ్రష్షుతో తోమి, పేపరు పరిచి బాల్కనీలో ఆరబెట్టే పిల్ల. ఐదో రోజు ఇల్లు ఊడుస్తుంటే వాసనొచ్చి నేనే బయటకి లాగి జిప్పు తీశాను. అన్నీ తడివి తడిగానే ముద్దయిపోయి ఉన్నాయి, ఛాతీ మీద పెట్టుకునే నంబరు గుడ్డ నలిపి అడుగున కుక్కింది. మా అత్తగారు గుమ్మంలో నిలబడి "ఏటే, ఈ పిల్ల ఇలగ అయిపోయింది? దానికి ఒంట్లో బాలేదా, మనసులో బాలేదా?" అన్నారు. బడి మొహం చూడని మనిషి. మేమిద్దరం డిగ్రీలు చదివాం, మాకు ఆ ప్రశ్న తట్టలేదు.

మా తప్పు కూడా ఇక్కడే రాసేస్తాను, దాచుకుని మిమ్మల్ని మాత్రమే అడిగితే న్యాయం కాదు. షూస్‌కి ఇంత, డైట్‌కి ఇంత, ప్రయాణాలకి ఇంత అని భోజనాల దగ్గర లెక్కలు మాట్లాడుకునేవాళ్ళం, అది వింటూ ఉండేది. రేస్ అయిన వెంటనే ఫోన్ చేసి నేను మొదట అడిగే మాట "ఎన్నో ప్లేస్?" అనే. తిన్నావా, కాలు నొప్పి ఎలా ఉంది అన్నవి తర్వాత వచ్చేవి. క్రికెటర్ నితీశ్ కుమార్ రెడ్డి మన గాజువాక కుర్రాడు, 2024 డిసెంబర్ 28న మెల్‌బోర్న్‌లో సెంచరీ కొట్టినప్పుడు స్టాండ్స్‌లో వాళ్ళ నాన్న ముత్యాల రెడ్డి గారు కన్నీళ్ళు పెట్టుకోవడం టీవీలో చూసి మా ఇంట్లో అందరం ఏడ్చాం. కొడుకు కోసం హిందుస్థాన్ జింక్‌లో ఉద్యోగం వదులుకున్న మనిషి ఆయన. ఆ రోజు మా ఆయన, చూశావా, తండ్రంటే అలా ఉండాలి అన్నారు. మా అమ్మాయి ఏమీ అనలేదు గానీ, తర్వాత ఎప్పుడో రాత్రి నాతో, "నాన్న కూడా ఉద్యోగం మానేస్తారా అమ్మా? నేను గెలవకపోతే అప్పుడెలా?" అంది. ముత్యాల రెడ్డి గారి త్యాగం చాలా గొప్పది. కానీ ఆ కథని మన పిల్లల ముందు చెప్పేటప్పుడు వాళ్ళ గుండెల మీద ఏం పెడుతున్నామో చూసుకోవాలి.

విశాఖకి ఆటలు కొత్త కాదు. జ్యోతి యర్రాజి ఈ ఊరి అమ్మాయి. సెక్యూరిటీ గార్డు కూతురు. మన దేశం నుంచి ఒలింపిక్స్‌లో 100 మీటర్ల హర్డిల్స్ పరిగెత్తిన మొదటి ఆడపిల్ల, 2024 పారిస్‌లో. ఆసియా ఛాంపియన్‌షిప్స్‌లో 2023లో ఒకసారి, 2025లో మరోసారి బంగారు పతకం. మన షబ్నమ్ షకీల్ 2023లో అమ్మాయిల అండర్-19 క్రికెట్ ప్రపంచకప్ గెలిచిన జట్టులో ఉంది, అప్పటికి పట్టుమని పదహారేళ్ళు లేవు. ఇలాంటి పిల్ల గెలిచి రాగానే జంక్షన్లలో ఫ్లెక్సీలు వెలుస్తాయి, చదివిన స్కూలు వాళ్ళు మా విద్యార్థిని అని పత్రికలో ఫోటో వేయించుకుంటారు. రాష్ట్ర ప్రభుత్వం 2024లో కొత్త క్రీడా విధానం తెచ్చింది, ఉద్యోగాల్లో స్పోర్ట్స్ కోటా 2 శాతం నుంచి 3 శాతానికి పెంచింది, ఒలింపిక్ బంగారు పతకానికి 7 కోట్లు ప్రకటించింది. సంతోషమే. ఇవన్నీ గెలిచాక వచ్చేవి. పదహారేళ్ళప్పుడు, ఇంకా ఏమీ గెలవనప్పుడు, నాలుగో స్థానంలో వచ్చి బ్యాగు మంచం కిందకి తోసేసినప్పుడు ఆ పిల్లకి ఎవరున్నారు?

ప్రిన్సిపాల్ గార్లూ, మీకు ఒక సంగతి గుర్తు చెయ్యాలి. 2023 జులైలో మన ఊళ్ళోనే నీట్ కోచింగ్ తీసుకుంటున్న 17 ఏళ్ళ అమ్మాయి చనిపోయింది. ఆ తండ్రి న్యాయం కోసం సుప్రీంకోర్టు దాకా వెళ్ళారు. 2025 జులై 25న కోర్టు ఆ కేసులో తీర్పు చెప్తూ దేశంలో ఉన్న అన్ని విద్యాసంస్థలకీ, కోచింగ్ సెంటర్లకీ మార్గదర్శకాలు ఇచ్చింది. 100 మంది గానీ అంతకంటే ఎక్కువ గానీ పిల్లలున్న ప్రతి సంస్థలో అర్హత ఉన్న కౌన్సిలర్ గానీ సైకాలజిస్టు గానీ సోషల్ వర్కర్ గానీ కనీసం ఒకరు ఉండాలి. అంతకంటే చిన్న సంస్థలు బయట నిపుణులతో ఏర్పాటు చేసుకోవాలి. వీలైనంత వరకు మార్కుల్ని బట్టి పిల్లల్ని బ్యాచ్‌లుగా విడగొట్టకూడదు, అందరి ముందూ పరువు తియ్యకూడదు, స్థాయికి మించిన టార్గెట్లు పెట్టకూడదు. సిబ్బంది అందరికీ ఏడాదికి కనీసం రెండుసార్లు శిక్షణ ఇవ్వాలి. టెలీ మానస్ (మనసు బాగోనప్పుడు ఫోన్ చేసే ప్రభుత్వ సేవ) లాంటి హెల్ప్‌లైన్ నంబర్లు హాస్టళ్ళలో, క్లాసురూముల్లో పెద్ద అక్షరాలతో కనబడాలి. అమలు చూడ్డానికి జిల్లా స్థాయిలో కలెక్టర్ అధ్యక్షతన కమిటీ ఉండాలి. చట్టం వచ్చేదాకా ఇవే చట్టంలా అమల్లో ఉంటాయని కోర్టు చెప్పింది.

ఆ తీర్పుకి కారణమైన పిల్ల ఈ ఊళ్ళో చదువుకుంది. కాబట్టి దేశంలో ఇంకెక్కడ అమలైనా కాకపోయినా విశాఖలో కావాలి. మా అమ్మాయి కాలేజీలో నేను కౌన్సిలర్ ఎవరండీ అని అడిగితే అడ్మిషన్ కౌన్సిలర్ గది చూపించారు. ర్యాంకుల పట్టిక వాట్సాప్‌లో పెట్టడం అందరి ముందూ పరువు తియ్యడం కాదా? మీరే చెప్పండి.

కోచ్‌లకి కూడా ఇందులో భాగం ఉంది. కోర్టు మాట్లాడింది విద్యాసంస్థల గురించి కాబట్టి గ్రౌండ్‌కి వర్తించదు అనుకోవద్దు. మానసిక ఆరోగ్యం అంటే చాలామంది కోచ్‌లకి మెంటల్ స్ట్రెంగ్త్ ఒక్కటే గుర్తొస్తుంది, గట్టిగా ఉండాలి, ఏడవకూడదు, అంతే. 2008 బీజింగ్ ఒలింపిక్స్‌లో షూటింగ్‌లో బంగారు పతకం గెలిచిన అభినవ్ బింద్రా ఆ పతకం తర్వాతే డిప్రెషన్‌తో బాధపడ్డానని స్వయంగా చెప్పారు. అమెరికా జిమ్నాస్ట్ సిమోన్ బైల్స్ 2021లో టోక్యోలో టీమ్ ఫైనల్ మధ్యలో తప్పుకుంది, ప్రపంచమంతా నానా మాటలు అంది, ఆగి, చూపించుకుని, మళ్ళీ వచ్చి 2024 పారిస్‌లో మూడు బంగారు పతకాలు గెలిచింది. అంతర్జాతీయ ఒలింపిక్ కమిటీ 2019లోనే క్రీడాకారుల మానసిక ఆరోగ్యం మీద నిపుణులతో ప్రత్యేకంగా పత్రం రాయించింది. ఆగడం బద్ధకం కాదని పైస్థాయిలో అందరికీ అర్థమైంది, మన గ్రౌండ్ల దాకా ఇంకా రాలేదు.

దెబ్బ తగిలినప్పుడు చూడాలి ఈ పిల్లల పరిస్థితి. మా అమ్మాయికి పిక్క పైన, తొడ వెనక కండరం పట్టేసి ఆరు వారాలు ఆగమన్నారు. ఆ ఆరు వారాల్లో గ్రౌండ్ నుంచి ఒక్క ఫోన్ రాలేదు. కోచ్ గారికి నలభై మంది పిల్లలు, ఆయన ఒక్కరే, నాకు అర్థమవుతుంది. కానీ రోజూ ఐదున్నరకి కలిసే స్నేహితులు, రోజూ వినే విజిలు, రోజూ వేసుకునే షూస్ అన్నీ ఒకేసారి పోతే ఆ పిల్లకి తనెవరో తనకే తెలియకుండా పోయింది. కాలేజీ వాళ్ళేమో ఇప్పుడు ఖాళీయే కదా, బ్యాక్‌లాగ్ అంతా పూర్తి చెయ్యి అన్నారు. జ్యోతి యర్రాజికి కూడా 2025లో మోకాలికి ఆపరేషన్ అయింది, సీజన్ మధ్యలో ఆగిపోవాల్సి వచ్చింది. అంత పెద్ద క్రీడాకారిణికి చుట్టూ డాక్టర్లు, ఫిజియోలు, కోచ్‌లు ఉంటారు. జిల్లా స్థాయి పిల్లకి జండూ బామ్ రాసే అమ్మ ఉంటుంది. దెబ్బ తగిలిన పిల్లని గ్రౌండ్‌కి రమ్మనండి. పరిగెత్తించక్కర్లేదు, స్టాప్‌వాచ్ చేతికిచ్చి మిగతావాళ్ళ టైమింగ్స్ రాయమనండి. తను ఇంకా ఆ గుంపులో మనిషేనని తెలిస్తే చాలు.

ఆడపిల్లల గురించి ఇంకో మాట, ఇది బహిరంగంగా రాయాలా అని మా ఆయన అడిగారు, రాయాలనే నిర్ణయించుకున్నాను. ప్రాక్టీస్ పెరిగి, తిండి నిద్ర తగ్గితే ఆడపిల్లలకి నెలసరి ఆగిపోవచ్చు. చాలామంది పిల్లలు మంచిదే, గొడవ వదిలింది అనుకుంటారు. నెలల తరబడి అలా ఆగితే ఎముకలు బలహీనపడతాయి, సన్నటి పగుళ్ళు వస్తాయి, మనసు కూడా కుంగుతుంది. ఖర్చు పెట్టే శక్తికి తగ్గ తిండి లేకపోవడం వల్ల వచ్చే ఈ ఇబ్బందుల మీద ఒలింపిక్ కమిటీ వైద్యులు 2014లోనే హెచ్చరించారు. బాక్సింగ్, వెయిట్ లిఫ్టింగ్ పిల్లలు కొందరైతే బరువు తగ్గడం కోసం మీట్‌కి ముందు రెండు రోజులు నీళ్ళు కూడా మానేస్తారు, మన ఊళ్ళో బాక్సింగ్ ఆడే ఆడపిల్లలు ఎంతమంది ఉన్నారో మీకు తెలుసు. ఈ విషయం ఒక మగ కోచ్‌కి చెప్పుకోవడానికి ఏ పిల్లకి నోరొస్తుంది? గ్రౌండ్‌కి ఒక ఆడమనిషి కావాలి. కోచ్ కాకపోయినా సరే, వారానికి ఒక రోజు వచ్చి కూర్చునే ఏఎన్ఎం (ఆరోగ్య కేంద్రం నర్సమ్మ) అయినా సరే. మూడు నెలలకోసారి హిమోగ్లోబిన్ చూసినా చాలా సంగతులు బయటపడతాయి. చున్నీ అడ్డం పట్టుకోకుండా బట్టలు మార్చుకునే గది కూడా కావాలి, ఇది నేను ప్రత్యేకంగా అడగాల్సి రావడమే నాకు కష్టంగా ఉంది.

ఇంతకీ నేను అడిగేది పెద్ద ఖర్చుతో కూడిన పని కాదు. కాలేజీ ప్రిన్సిపాల్ గారూ, కోచ్ గారూ, మీరిద్దరూ ఒకరి నంబరు ఒకరు తీసుకోండి. మా అమ్మాయిని మీరిద్దరూ రోజూ చూస్తారు, రెండేళ్ళలో మీరిద్దరూ ఒక్కసారి కూడా మాట్లాడుకోలేదు. మీ మధ్య కబుర్లు మోసేది ఆ పిల్లే, అటు తిట్లు ఇటు, ఇటు తిట్లు అటు. జూన్‌లో కాలేజీ తెరవగానే స్కూల్ గేమ్స్ ఫెడరేషన్ (ఎస్‌జీఎఫ్) పోటీలు ఎప్పుడో, అసోసియేషన్ మీట్లు ఎప్పుడో, గ్రాండ్ టెస్టులు, ప్రాక్టికల్స్, ప్రీఫైనల్స్ ఎప్పుడో ఒకే క్యాలెండర్ మీద రాసి ఇద్దరి దగ్గరా పెట్టుకోండి. తేదీలు మారతాయని తెలుసు, మారినప్పుడు ఒక ఫోన్ చేసుకోండి. రెండూ ఒకే రోజు పడితే టెస్టు ఇంకో రోజు రాయించండి, అది బోర్డు పరీక్ష కాదు కదా, మీ చేతిలో పని. సీబీఎస్ఈ అయితే జాతీయ, అంతర్జాతీయ పోటీలకి వెళ్ళే పిల్లలకి బోర్డు పరీక్షే వేరే తేదీన రాసే అవకాశం ఇస్తోంది, అటెండెన్స్‌లో కూడా సడలింపు ఇస్తోంది. బోర్డు పరీక్షే మారుతున్నప్పుడు గ్రాండ్ టెస్ట్ మారకూడదా? ఇంటర్ బోర్డు వారు కూడా ఆటకి వెళ్ళిన రోజుల అటెండెన్స్ సంగతి తెలుగులో ఒక పేజీ రాసి ప్రతి కాలేజీ నోటీసు బోర్డు మీద అంటించమంటే మాలాంటి వాళ్ళం గుమాస్తా గది ముందు నిలబడి బతిమాలుకోవక్కర్లేదు.

మీట్ నుంచి వచ్చిన పిల్లకి రెండు రోజులు టైమివ్వండి. ఆ రెండు రోజుల్లో జరిగిన పాఠాలు పక్క పిల్ల నోట్సు చూసి రాసుకోమనడం కాకుండా, లెక్చరర్ గారు పావుగంట కూర్చోబెట్టి చెప్తే చాలు. కోచ్ గారూ, పబ్లిక్ పరీక్షలకి ముందు రెండు నెలలు సాయంత్రం ప్రాక్టీస్ తగ్గించండి, వారానికి ఒక పొద్దున్న అసలు పిలవకండి, ఆ రోజు పిల్లల్ని ఏడింటిదాకా పడుకోనివ్వండి. ఇద్దరూ దయచేసి "తేల్చుకో" అనే మాట మానెయ్యండి. జాతీయ విద్యా విధానం 2020 చదువుకీ ఆటలకీ మధ్య గోడ ఉండకూడదనే చెప్తోంది. తేల్చుకోవాల్సిన రోజు దానంతట అదే వస్తుంది, ఎవరి మోకాళ్ళు వాళ్ళకి, ఎవరి మార్కులు వాళ్ళకి చెప్తాయి. పదహారేళ్ళకే మనం తొందరపెట్టక్కర్లేదు.

కలెక్టర్ గారూ, మీ కమిటీ కాలేజీలకి తనిఖీకి వెళ్ళినప్పుడు కౌన్సిలర్ ఉన్నారా లేరా అని రిజిస్టరు చూడడంతో పాటు, ఆటలాడే పిల్లలు ఎవరు, పోయిన నెల వాళ్ళతో కౌన్సిలర్ ఎన్నిసార్లు మాట్లాడారు అని కూడా అడగమనండి. ఏయూ గ్రౌండ్, పోర్టు స్టేడియం, స్వర్ణభారతి, కొమ్మాది, ఉక్కునగరం, పిల్లలు ప్రాక్టీస్ చేసే ప్రతిచోటా 14416 అని పెద్దగా రాయించండి. అది టెలీ మానస్ నంబరు, 2022 నుంచి ఉంది, ఇరవై నాలుగు గంటలూ పనిచేస్తుంది, డబ్బు కట్టక్కర్లేదు, తెలుగులో మాట్లాడతారు. నేను చేశాను. బ్యాగు సంగతి జరిగిన వారం, రాత్రి పదకొండింటికి, వంటింట్లో తలుపు వేసుకుని, మా అమ్మాయి గురించి ఏం చెయ్యాలో తెలియక. అవతల అమ్మాయి అరగంట ఓపిగ్గా విన్నది. మర్నాడు పొద్దున్నే ఆ పిల్లని లేపకండి, నిద్రపోనివ్వండి, లేచాక ఆట గురించీ చదువు గురించీ కాకుండా ఇంకేదైనా మాట్లాడండి అంది. అలాగే చేశాను. పదింటికి లేచింది. పెసరట్టు వేస్తే రెండు తింది. ఆ తర్వాత డాక్టర్ దగ్గరికి కూడా తీసుకెళ్ళాం. మన ఊళ్ళో చినవాల్తేరు అనగానే జనం నవ్వుతారు, పిల్లలు ఒకరినొకరు ఆ పేరుతో వెక్కిరించుకుంటారు. అక్కడ ఉన్నది ఒళ్ళు నలిగితే కేజీహెచ్‌కి వెళ్ళినట్టు మనసు నలిగితే వెళ్ళాల్సిన ఆసుపత్రి. తల్లిదండ్రులెవరైనా ఇది చదువుతుంటే, ఎవరు చూస్తారోనని ఆగకండి.

మా అమ్మాయి ఇప్పుడు కొంచెం తేరుకుంది. మళ్ళీ పరిగెడుతోంది, వారానికి ఐదు రోజులే. నీట్ రాస్తానంటోంది, సీటొస్తుందో లేదో తెలీదు, ఫిజియోథెరపీ అయినా చదువుతానంటోంది, దెబ్బ తగిలినప్పుడు తనకి దొరకనిది ఇంకెవరికైనా ఇవ్వాలనుందట. పోయిన ఆదివారం స్పైక్స్ తోమి బాల్కనీలో ఆరబెట్టింది.

జూన్‌లో కాలేజీలు తెరిచే లోపు ఒక శనివారం సాయంత్రం గ్రౌండ్‌లోనే కలుద్దాం. ప్రిన్సిపాళ్ళు, వ్యాయామం చెప్పే పీడీ సార్లు, కోచ్‌లు, కలెక్టర్ ఆఫీసు నుంచి ఒకరు, ఆటలాడే పిల్లలు, మేము. పిల్లల తల్లులం పద్నాలుగు మందిమి ఇప్పటికే మాట్లాడుకున్నాం, చాపలు, మంచినీళ్ళు, పెద్ద క్యాలెండర్ చార్టు, స్కెచ్ పెన్నులు మేం తెస్తాం. మీరు మీ మీట్ల తేదీలు, మీ టెస్టుల తేదీలు తీసుకుని రండి.

ఇట్లు,
ఒక 400 మీటర్ల అమ్మాయి తల్లి,
కంచరపాలెం, విశాఖపట్నం